గట్టిదే అన్నాను

చాలా ఏళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. చిన్న మాట. "గట్టిదే." అంతే. నోట్లోంచి రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. నా భుజం మీంచి మాత్రం ఇంకా దిగలేదు.

దీన్ని ఎవరికీ చెప్పలేదు. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. నెల్లూరు పోయి మసీదులో కూర్చున్నప్పుడు దేవుడికి చెప్పుకున్నాననే అనుకునేవాడిని. కానీ అక్కడ కూడా తప్పులన్నీ ఒకే మూటగా కట్టి, వీటిని క్షమించు అని అప్పజెప్పాను తప్ప, ముడి విప్పి ఇదిగో ఇది అని చూపించలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు విప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊరి పేరు రాయను. మైపాడుకు దగ్గర్లో, ఆదివారాల్లో నెల్లూరు జనం సముద్రం చూడటానికి వచ్చే ఒక పల్లె అనుకోండి.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను కుమిలిపోతున్న మనిషిని కాదు. ఆకలికి అన్నం తింటాను, రాత్రి నిద్ర పడుతుంది. పని ఉంది, చదువుకోవడానికి పుస్తకాలు ఉన్నాయి, సాయంత్రమైతే దుకాణం ముందు గాలి తగులుతుంది. నేను అన్యాయం చేసిన మనిషి కూడా బాగానే ఉన్నాడు. అదే చిక్కు. అతను చితికిపోయి ఉంటే ఎప్పుడో కాళ్ల మీద పడి చెప్పేసేవాడిని. బాగున్న మనిషికి ఇలాంటిది ఏమని చెప్పాలి?

మాది టార్పాలిన్లు కుట్టే దుకాణం. పడవల మీద కప్పే పట్టాలు, చేపలు పోసే వలసంచులు, అంగళ్ల ముందు పందిళ్లు. మా నాన్న కావలి నుంచి కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని ఈ పల్లెకు వచ్చాడట. ఊరంతా చేపల వేటకు పోయేవాళ్లు. మాది ఒక్కటే సాయిబుల ఇల్లు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మానేసినందుకు బడి మీద కసి పుట్టింది. ఆ కసి తీర్చుకోవడానికి శాఖా గ్రంథాలయం దొరికింది. ఒక్క గది. రెండు బల్లలు. ఫ్యాను తిరిగితే పేపరు ఎగిరిపోతుంది, ఆపితే చెమట. అక్కడే ఇంగ్లీషు నేర్చుకున్నాను. పేపర్లో ఒక పేరా చదవడం, తెలియని మాటలు చేతి మీద పెన్నుతో రాసుకోవడం, నిఘంటువు తీయడం. ఆ నిఘంటువు వెన్ను విరిగిపోతే పడవ పట్టాలు కుట్టే దారంతో నేనే కుట్టి ఇచ్చాను. గ్రంథపాలకుడు గారు వచ్చినవాళ్లందరికీ అది చూపించేవారు. "ఈ పుస్తకాన్ని చదివేదీ ఆయనే, కుట్టిందీ ఆయనే" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరేది కాదు.

అలా ఊళ్లో నాకొక పీట పడింది. బ్యాంకు నుంచి ఏదైనా వచ్చినా, ఆసుపత్రి చీటీ అయినా, ఇంజను డబ్బా మీద రాసి ఉన్నదైనా నా దగ్గరికే తెచ్చేవారు. "లైబ్రరీ సాయిబన్న చెప్పినాడు" అంటే ఇక మాట లేదు. డబ్బు తీసుకునేవాడిని కాదు. తీసుకోకపోవడం కూడా గర్వమే. ఇప్పుడు తెలుస్తోంది.

పెంచలయ్య నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అన్నదమ్ములు నలుగురూ నాలుగు దిక్కులకు పోయాక, నాకు తమ్ముడంటే అతనే. గుండ్రాయి లాంటి మనిషి. అలలు విరిగే చోటు దాటించి పడవను లోపలికి తీసుకుపోవడంలో అతన్ని మించినవాడు లేడని పల్లెలో పేరు. అతని గురించి మాకొక హాస్యం ఉండేది. వేలంలో సంచులు కలిసిపోకుండా ఒక్కో పడవ సంచులకు ఒక్కో రంగు దారంతో అంచు కుడతాను. అతను ఎక్కే పడవది ఎరుపు. దుకాణానికి వచ్చి, "ఎర్రదారం తీ అన్నా, అదిగో" అని పచ్చదారం ఉండ చూపించేవాడు.

"అది పచ్చ గదరా."

"ఏదో ఒకటిలే, నీకు తెలుసు గదా మాది ఏందో."

నవ్వుకునేవాళ్లం. కళ్లు నెత్తికెక్కాయంటూ ఎగతాళి చేసేవాడిని. ఈ హాస్యాన్ని గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోవాల్సిన చోట పెట్టుకోలేదు.

ఒక ఏడాది ఎండాకాలం, వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుకలో బోర్లించి ఉన్నాయి. అప్పుడు పెంచలయ్యకు ఒక కంపెనీలో పని మాట వచ్చింది. లోతు నీళ్లలో నిలబడే ఓడల దగ్గరికి మనుషుల్ని, సామాన్లని చేరవేసే చిన్న పడవ నడపాలి. నెల జీతం. తుఫానొస్తే సెలవు. అతని భార్య కోటమ్మకు ఆ తుఫాను సెలవు మాట బాగా నచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ గాలి లేచిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి చూసే పని ఆమెది. ఎవరో చుట్టం వెళ్లి మాట్లాడాడు. పెంచలయ్య పోయి పడవ నడిపి చూపించాడు. వాళ్లు కాయితం పంపిస్తామన్నారు.

కాయితం శుక్రవారం వచ్చింది. బస్టాండు దగ్గర నెట్ సెంటరులో అచ్చు తీయించుకుని నేరుగా నా దుకాణానికే తెచ్చాడు. వెనకాల కోటమ్మ, ఆమె వెనకాల సగం వీధి. మా పల్లె కాపు కూడా వచ్చాడు. కాపు అంటే మా తీరంలో పెద్ద. వేట కట్టుబాట్లు, తగువులు, పండగలు అన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. ఆయన వచ్చి నా మిషను పక్క బల్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

చదివాను. మొదటి వాక్యం సులువు. మీకు ఈ ఉద్యోగం ఇవ్వడానికి సంతోషిస్తున్నాం. అది తెలుగులో చెప్పగానే కోటమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. జీతం, సెలవులు, ఎక్కడ దిగాలి, ఎవరిని కలవాలి. అన్నీ గడగడా చెప్పేశాను. రెండో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగాను. ఈ ఉద్యోగం, వైద్య పరీక్ష, ఈ రెండింటి మధ్య ఒక మాట. కంటింజెంట్.

ఆ మాటను నేను చూడకపోలేదు. పేపర్లో ఆటల పేజీలో చూశాను, అక్కడ దళం అనే అర్థంలో వస్తుంది. ఇక్కడ ఆ అర్థం కుదరదని చూడగానే తెలిసింది. అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఈ మాట నాకు తెలియదని. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. దీన్ని మీరు గుర్తించాలి. పొరపాటు పడ్డానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఫోనులో చూడొచ్చు కదా అంటారేమో. అప్పటికి నాది బటన్ల ఫోను. లైబ్రరీకి శుక్రవారం సెలవు. "ఒక్క మాట తెలియలేదు, రేపు చూసి చెప్తాను" అంటే సరిపోయేది. పెంచలయ్యకు ఏమీ పోయేది కాదు. నాకు? బల్ల మీద కాపు కూర్చుని ఉన్నాడు.

"డాక్టరు దగ్గరికి ఒకసారి పోయి రావాలంట. అది మామూలే, ఏ ఉద్యోగానికైనా ఉండేదే" అన్నాను.

కాపు గడ్డం గోక్కున్నాడు. "కాయితం గట్టిదేనా సాయిబన్నా?"

"గట్టిదే" అన్నాను.

మీకు ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ "గట్టి" ఎంత బరువైనదో తెలియదు. మా పల్లెలో ఎవరూ ఏదీ ఖాయంగా చెప్పరు. రేపు వేటకు పోతారా అని అడిగితే పోతాం అనరు. "నీళ్లు చూడాల" అంటారు. చేపలు పడ్డాయా అని అడిగితే ఒడ్డుకు చేరేదాకా మాట్లాడరు. అన్నిటికీ గాలి, నీళ్లు, చంద్రుడు అడ్డం వస్తాయి. అలాంటి మనుషులు ఒక్క చోట మాత్రం అలా ఆలోచించరు. అచ్చుపడిన కాయితం దగ్గర. సముద్రానికి "అయితే" ఉంటుంది గానీ ఆఫీసు కాయితానికి ఎందుకుంటుంది? అది వచ్చిందంటే పని అయిపోయినట్టే. నేను కూడా ఆ ఊరివాడినే కదా. చదువుకున్నాననే గానీ నేనూ అలాగే నమ్మాను. శుక్రవారం వరకూ.

శనివారం సాయంత్రం గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. నేను కుట్టిన నిఘంటువు. ఆ మాట దగ్గర వేలు పెట్టాను. అనిశ్చితమైనది అని ఉంది. జరగవచ్చు, జరగకపోవచ్చు. మరొకదాని మీద ఆధారపడినది. అంటే అది జరిగితేనే ఇది. పరీక్షలో నెగ్గితేనే ఉద్యోగం. నెగ్గకపోతే మొదటి వాక్యంలోని సంతోషం కూడా లేదు.

ఇంకా దిగువన ఒక వాక్యం ఉదాహరణగా ఇచ్చారు. అది కూడా చదివాను. అర్థం చేసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒక క్షణం సంతోషం కూడా కలిగింది. కొత్త మాట దొరికినప్పుడల్లా కలిగే సంతోషమే. ఆ మాట భలే ఉందనుకున్నాను. మా పల్లె మొత్తం దాంట్లో ఉందనుకున్నాను. చేతి మీద రాసుకున్నాను. ఆ తర్వాతే పెంచలయ్య గుర్తుకు వచ్చాడు.

దారిలోనే పెంచలయ్య ఇల్లు. దాటుకుని వచ్చేశాను. చెబుదాం, ఇంకా రేపుంది కదా అనుకున్నాను.

ఆ రేపే పడవలకు పసుపు రోజు. నిషేధం ముగిసే ముందు మా పల్లెలో పడవలన్నీ కడిగి, ఇసుక మీద వరసగా నిలబెట్టి, పూజ చేస్తారు. ఆ ఏడాది ఏ పడవలో ఎవరు ఎక్కుతారో వాళ్లు ఒక్కొక్కరూ వచ్చి పసుపులో చెయ్యి ముంచి ఆ పడవ ముక్కు మీద అద్దుతారు. ఎవరి చెయ్యి పడితే వాళ్లే ఆ పడవ మనుషులు. మళ్లీ నిషేధం వచ్చి మళ్లీ కడిగేదాకా మార్చడానికి లేదు. ఎవరైనా చచ్చిపోతే తప్ప. ఒక చెయ్యి తప్పుకోవాలంటే ఆ మనిషి అందరి ముందూ, నా చెయ్యి ఫలానావాడికి ఇస్తున్నాను అని చెప్పాలి.

నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కాపు పక్కనే. అన్నేళ్లుగా ఆ పూజను దుకాణం గుమ్మంలోంచి చూసినవాడిని. పట్టాలు కుట్టేవాడికి కుర్చీ ఎవరు వేస్తారు? ఆ రోజు వేశారు, కాయితం చదివినందుకు.

పెంచలయ్య స్నానం చేసి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. తన చెయ్యి శీను అనే కుర్రాడికి ఇస్తానన్నాడు. శీనుకు అప్పుడే పెళ్లయింది, సొంతంగా ఏ పడవలోనూ చోటు లేదు. కాపు వెంటనే సరే అనలేదు. అందరి ముందూ నా వైపు తిరిగాడు.

"సాయిబన్నా, ఇంకోసారి అడగతా ఉండా. కాయితం గట్టిదే గదా? రేపు వీడొచ్చి నా చెయ్యి నాకియ్యమంటే నేనియ్యలేను. నీకు తెలుసు."

నాకు తెలుసు. పడవ కట్టూ తెలుసు, కాయితంలో మాటా తెలుసు. ఆ ఇసుక మీద రెండూ తెలిసినవాడిని నేనొక్కడినే.

ఏమాలోచించాను? చాలాసార్లు వెనక్కి వెళ్లి చూశాను. పెంచలయ్య ఏనుగులాంటివాడు, ఏ డాక్టరైనా ఏం వంక పెడతాడు అనుకున్నానా? అనుకున్నాను. మొన్న చెప్పింది నేడు మారిస్తే కోటమ్మ గుండె పగులుతుంది అనుకున్నానా? అదీ అనుకున్నాను. కానీ ఇవి తర్వాత వెతుక్కుని పెట్టుకున్నవేమో. మొదట వచ్చింది మాత్రం కుర్చీ. ఇప్పుడు నోరు విప్పితే, శుక్రవారం ఈ మనిషికి తెలియకుండానే చెప్పాడని అందరికీ తెలుస్తుంది. ఇంతకుముందు చదివినవన్నీ కూడా అలాగే చదివాడేమోనని అనుమానం వస్తుంది. అంతే. అంత చిన్న కారణం.

"గట్టిదే" అన్నాను మళ్లీ.

శీను చెయ్యి పసుపులో మునిగింది. పడవ ముక్కు మీద పడింది. పెంచలయ్య పక్కనే నిలబడి, "సరిగ్గా నొక్కరా, వేళ్లు పడాల" అని చెబుతున్నాడు.

మరుసటి వారం పెంచలయ్య డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు. బస్సు దిగి నా దుకాణానికే వచ్చాడు. బల్ల మీద కూర్చున్నాడు. మొహంలో బాధ కన్నా వింత ఎక్కువ ఉంది.

"చుక్కలన్నా" అన్నాడు. "ఒక పుస్తకం ఇచ్చినారు. పేజీ నిండా చుక్కలు. అందులో అంకె ఉండాదంట. నాకు చుక్కలే కనపడతా ఉండాయి. ఇంకో పేజీ తిప్పితే ఇంకా చుక్కలు. నాకు ఎరుపూ పచ్చా ఒకటేనంట. పుట్టినప్పటి నుంచీ అంతేనంట. ఓడల దగ్గర ఎర్ర లైటు, పచ్చ లైటు చూసే నడపాలంట గదా."

నా వెనకాల అరలో దారం ఉండలు. ఎరుపు, పచ్చ. నేను తిరిగి చూడలేదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఉంది. ఇసుక మీద కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ దారం ఉండలు నాకు గుర్తుకు వచ్చాయా? రాలేదనే అనుకుంటున్నాను. ఊళ్లో ఆ విషయం తెలిసిన ఏకైక మనిషిని నేను, నాకే అది హాస్యం. అది రోగమని నేను ఏనాడూ అనుకోలేదు. అయినా గుర్తుకు వచ్చిందేమో, వచ్చినదాన్ని వెనక్కి నెట్టానేమో. నాకు నేనే సాక్షిని. ఆ సాక్షిని నేను నమ్మను.

కోటమ్మ ఊరుకోలేదు. నా దుకాణంలోనే నిలబడి కంపెనీకి ఫోను చేసింది. అవతల ఎవరో ఆడపిల్ల. స్పీకరు పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. పాపం, మర్యాదగానే చెబుతోంది. "అమ్మా, లెటర్‌లో రాసే ఉంది కదా, మెడికల్ పాసైతేనే అని."

"యాడ రాసుండాది? మా సాయిబన్న చదివినాడు. అట్ట లేదు. నువ్వు నేర్పతావా మా సాయిబన్నకు?"

"చదివినాయనకు ఒకసారి ఫోను ఇవ్వండమ్మా."

కోటమ్మ ఫోను నా వైపు చాచింది. నమాజుకు వేళయిందని చెప్పి లేచాను. వేళ నిజంగానే అయింది. లోపలి గదిలోకి పోయి నిలబడ్డాను, వంగాను, కూర్చున్నాను. ఏం చదివానో తెలియదు. ఆ పిల్లను వెనకాల కోటమ్మ తిడుతూనే ఉంది. కంపెనీవాళ్లు మాట తప్పినారు అనేది ఊరి తీర్పు. ఇప్పటికీ అదే తీర్పు.

ఆ ఏడంతా పెంచలయ్యకు పడవ లేదు. శీను తన చోటు వదులుకుంటానని వచ్చాడు. కాపు ఒప్పుకోలేదు, కట్టు కట్టే. పెంచలయ్య కూడా ఒప్పుకోలేదు. "ఇచ్చిన చెయ్యి ఎట్ట తీసుకుంటా" అన్నాడు. కొన్నాళ్లు విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్నాడు. తర్వాత కోటమ్మ ఒక పొయ్యి, ఒక పెనం తీసుకుని ఆదివారం జనం దిగేచోట కూర్చుంది. చేప ముక్కలకు కారం, ఉప్పు, చింతపండు పులుసు పట్టించి వేపుతుంది. ఇతను చేపలు ఎంచి తెచ్చేవాడు. చేప చెవి దగ్గర మొప్ప ఎత్తి చూసి ఎప్పటిదో చెప్పే మనిషి కదా, వాళ్ల దగ్గర పాత చేప ఉండదని పేరొచ్చింది. ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది, బల్లలున్నాయి. ఎండకు పందిరి నేనే కుట్టి ఇచ్చాను. ఎరుపంచు కుట్టాను. ఏ రంగో చూడమంటే, "నువ్వేస్తే ఎరుపే" అన్నాడు.

సంతోషంగా ఉన్నారు. ఇది నేను కల్పించుకున్నది కాదు, కళ్లారా చూస్తున్నదే. కోటమ్మ ఇప్పుడు గాలి లేచినా గట్టు మీదికి పోదు. పిల్ల చదువుకుంటోంది. ప్రతి ఆదివారం పెనం మీద మొదట వేగిన ముక్కలు ఒక ఆకులో పెట్టి పెంచలయ్య నా దుకాణానికి తెస్తాడు. "నువ్వు కాయితం చదివిన వేళ మంచిది అన్నా. ఆ ఉద్యోగం పోబట్టే ఇది వచ్చింది" అంటాడు. నేను తింటాను. రుచిగా ఉంటుంది. ఇన్నేళ్లుగా తింటూనే ఉన్నాను.

అప్పుడప్పుడూ అనుకుంటాను. అంతా మంచికే అయింది కదా, ఇంకా ఎందుకు ఇది? కానీ ఆ మంచి నేను చేసింది కాదు. కోటమ్మ పెనం చేసింది. నేను చేసింది "గట్టిదే" అనడం వరకే. ఆ తర్వాత అది ఎటైనా పోయేది. గుంటల దగ్గరే మిగిలిపోయేవాడేమో, తాగుడు పట్టేవాడేమో. మంచి వైపు పోయింది కాబట్టి నాది మంచి పని అయిపోదు.

పైగా ఒకటుంది. ఏటా పసుపు రోజున పెంచలయ్య షెడ్డు మూస్తాడు. ఇసుక మీదికి పోయి పడవల ముందు నిలబడతాడు. చేతులు వెనక్కి కట్టుకుని. మరుసటి ఏడాది నుంచి అతను కూడా చెయ్యి వేయొచ్చు, కట్టు లేదు. కానీ అప్పటికి శీనుకు బిడ్డ పుట్టింది, ఇతని పొయ్యి నడుస్తోంది, ఎవరి చోటు ఎవరు ఖాళీ చేస్తారు? ఒకసారి పక్కన నిలబడ్డాను. "చెయ్యి దురద పెడతా ఉందన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను అటు చూశాను. వెనక్కి కట్టుకున్న అరచేతిని బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల జరిగిన సంగతి.

పెంచలయ్య కూతురికి కాలేజీ హాస్టల్ సీటు కాయితం వచ్చింది. ఆ పిల్ల ఇంగ్లీషు నాకన్నా బాగా చదువుతుంది. అయినా తండ్రి ఊరుకోడు, సాయిబన్న చదివితేనే గట్టి అని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. పిల్ల నా వైపు చూసి, ఏం చేయను అన్నట్టు నవ్వింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఇంటరు ఫలితాలు, హాస్టల్ సీటు, రెండింటి మధ్య ఆ మాట. అదే మాట. ఇన్నేళ్లకు మళ్లీ నా మిషను మీదికే వచ్చింది.

ఈసారి ఆగాను. "ఇది ఇంకా గట్టి కాదు పెంచలయ్యా" అన్నాను. "ఇక్కడ కంటింజెంట్ అని ఉంది. మార్కులు వస్తేనే సీటు. రాకపోతే లేదు. అప్పటిదాకా ఇంకో చోట కూడా చూసుకోండి."

"నేను చెప్పింది అదే కదా నాన్నా" అంది పిల్ల.

పెంచలయ్య తల ఊపాడు. ఏదో ఆలోచించాడు. తర్వాత మామూలుగా, ఏ అనుమానమూ లేకుండా, నన్ను మెచ్చుకుంటున్నట్టుగా అన్నాడు.

"అప్పుడు నా కాయితంలో ఈ మాట లేకపోయె. ఉండుంటే నువ్వు చెప్పుండేవాడివి."

నేను మిషను తొక్కాను. సూది కింద గుడ్డ లేదు. ఉత్తినే తొక్కాను, చప్పుడు కోసం. వాళ్లు కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. మొదటిసారి తెలియక అన్నాను, రెండోసారి తెలిసి అన్నాను, మూడోసారి అనకుండా అన్నాను. మిషను చేత అనిపించాను.

ఆ రోజు నుంచి నిఘంటువు తీసినప్పుడల్లా ఆ పేజీ దగ్గరికి వేలు పోతోంది. నేను కుట్టిన దారం ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెంచలయ్యకు ఎదురుగా చెప్పగలనా? ఆదివారం ఆకు పట్టుకుని వస్తాడు. నా నోరు పెగిలితే చెబుతాను. పెగులుతుందని ఖాయంగా రాయలేను. ఖాయం కానిదాన్ని ఖాయమని ఇంకోసారి అనను. చెబితే ఏమంటాడో కూడా తెలియదు. నవ్వొచ్చు. ఆకు వెనక్కి తీసుకుపోవచ్చు. ఆ రోజు ఫోనులో తిట్లు తిన్న కంపెనీ పిల్లకు ఎలాగూ చెప్పలేను, ఆమె పేరైనా నాకు తెలియదు.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. అతను అడగకుండానే అడిగినదానికి జవాబు.

ఉంది పెంచలయ్యా. నీ కాయితంలో ఆ మాట ఉంది. రెండో పేరాలో ఉంది. శుక్రవారం నాకు దాని అర్థం తెలియదు. శనివారం తెలిసింది. ఆదివారం శీను పసుపులో చెయ్యి ముంచేటప్పుడు కూడా నాకు తెలుసు.

రాసేశాను. బయట మధ్యాహ్నం ఎండ, బస్సు వచ్చి ఆగింది, ఎవరో పట్టా కుట్టించుకోవడానికి దిగుతున్నారు. లేచి దారం ఎక్కించుకోవాలి.